అగాస్ట్: భయం కలిసిన దిగ్భ్రమకు ఒక ఇంగ్లీషు మాట, దాన్ని వాడే తీరు

అనువాదం నేర్చుకుంటున్న తొలిరోజుల్లో ఒక ఇంగ్లీషు కథలోని వాక్యం నా చేతిలో పాడైంది. ఒక తల్లి అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి ఊయల దగ్గరకు వెళుతుంది. అందులో బిడ్డ లేదు. రచయిత అక్కడ ‘షి స్టేర్డ్ అగాస్ట్ ఎట్ ది ఎంప్టీ క్రేడిల్’ అని రాశాడు. నేను నిఘంటువు తెరిచి, కంటికి ముందుగా తగిలిన అర్థాన్ని పట్టుకుని, ‘ఆమె ఖాళీ ఊయల వంక ఆశ్చర్యంగా చూసింది’ అని రాసి పంపాను. తిరిగివచ్చిన ప్రతిలో సంపాదకుడు ‘ఆశ్చర్యంగా’ అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, కాగితం అంచున ఒకే ఒక్క వాక్యం రాశారు: ‘ఊయలలో బిడ్డ లేకపోతే ఏ తల్లీ ఆశ్చర్యపోదు.’

ఇంగ్లీషులో అగాస్ట్ విశేషణం. భయమో ఏవగింపో కలిసిన దిగ్భ్రమ ఒక్కసారిగా ముంచెత్తినప్పటి మనిషి స్థితిని అది చెబుతుంది. ఎదురైనది అనుకోనిదై ఉండాలి; అది ఘోరమైనదో, ఎంతమాత్రం తగనిదో అయి ఉండాలి; ఆ దెబ్బకు మనిషి ఒక్క క్షణమైనా ఏం చేయాలో తోచక నిలిచిపోవాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మాట అతకదు. పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూస్తూ నెల రోజులుగా గుండెలో మోస్తున్న బెంగకు అగాస్ట్ పనికిరాదు, ఎందుకంటే అందులో ఆకస్మికత లేదు. ఇరవై ఏళ్లుగా జాడ తెలియని చిన్ననాటి స్నేహితుడు హఠాత్తుగా గుమ్మంలో ప్రత్యక్షమైతే మనకు నోట మాట రాకపోవచ్చు గానీ అక్కడా అగాస్ట్ పనికిరాదు, ఎందుకంటే అందులో ఘోరమేమీ లేదు. నా అనువాదంలో జరిగిన పొరపాటు ఈ రెండో రకానిది. ఆశ్చర్యం మంచికీ చెడుకీ ఉమ్మడి మాట. అగాస్ట్ చెడు వైపు మాత్రమే నిలబడుతుంది.

అయితే ఆ చెడు ఎప్పుడూ ప్రాణాల మీదికి వచ్చేదే కానక్కరలేదు. పాత రచనల్లో ఈ మాట ఎక్కువగా శవాలను, ప్రళయాలను, దయ్యాలను చూసినవారి ముఖాల మీద కనిపిస్తుంది. ఇప్పటి ఇంగ్లీషులో దానికి రెండో బతుకు ఒకటి ఏర్పడింది, నాకు తగిలినంతవరకు అదే ఎక్కువగా వాడుకలో ఉంది: మర్యాదకో, న్యాయానికో, ఇంగితానికో విరుద్ధమైనది చూసి ‘ఇదెక్కడి ఘోరం!’ అనిపించే స్థితి. సభలో ఎవరో నోరు జారితే మిగతావారు అగాస్ట్ అవుతారు. మరమ్మతు ఖర్చు ఎంతవుతుందో విన్న ఇంటి యజమాని అగాస్ట్ అవుతాడు. మనవడు ముంజేతి నిండా పచ్చబొట్లు పొడిపించుకుని వస్తే తాతగారు అగాస్ట్ అవుతారు. ఇలాంటి చోట్ల మాటలో కొంత అతిశయోక్తి, అప్పుడప్పుడు కొంత హాస్యం కూడా ఉంటాయి. అనువదించేవారు ముందుగా తేల్చుకోవలసింది ఇదే: ఈ వాక్యంలో ఉన్నది ప్రాణం గడ్డకట్టే భయమా, లేక ముక్కున వేలేసుకునే రకమా?

ఈ మాట పుట్టుక తెలిస్తే అర్థం మరింత గట్టిగా గుర్తుండిపోతుంది. ప్రాచీన ఇంగ్లీషులో ‘గాస్ట్’ అంటే ఆత్మ, ఊపిరి. ఇప్పటి ఇంగ్లీషు ‘గోస్ట్’, జర్మన్ ‘గైస్ట్’ దాని బంధువులే. దానికి చేరువగా భయపెట్టడం, వేధించడం అనే అర్థంలో ఒక క్రియ ఉండేది. మధ్యయుగపు ఇంగ్లీషులో ఆ క్రియ ముందు తీవ్రతను సూచించే ‘అ’ చేరి ‘అగాస్టెన్’ అయింది, అంటే హడలగొట్టడం. దాని భూతకాల విశేషణమే నేటి అగాస్ట్. తెలుగులో చెప్పాలంటే ‘హడలెత్తించబడిన’ అన్నమాట. తొలిరోజుల్లో దీని వర్ణక్రమంలో హెచ్ అక్షరం లేదు. 15వ శతాబ్దిలో స్కాట్లాండు రాతల్లో అది దూరింది, 1700 తరవాత అందరికీ అదే అలవాటైంది. దయ్యం మాటలో హెచ్ ఉంది కదా అని ఈ మాటలోనూ పెట్టి ఉంటారు. మాట పుట్టింది దయ్యం ఇంటిలోనే కాబట్టి ఆ పోలిక తప్పని అనలేము. భయంకరమైన, వికారమైన అనే అర్థంలో వాడే ‘గాస్ట్లీ’ కూడా ఈ కుదురుకే చెందింది.

ఆ హెచ్ మనవాళ్లను ఉచ్చారణలో పక్కదారి పట్టిస్తుంది. జీ పక్కన హెచ్ కనబడగానే మనకు ఒత్తు ఘకారం గుర్తుకొస్తుంది. ‘అఘాస్ట్’ అని ఛాతీ లోతుల్లోంచి పలుకుతాము. ఇంగ్లీషులో అక్కడ ఒత్తు లేదు, హెచ్ మూగది. మొదటి అకారాన్ని పొట్టిగా, తేలికగా వదిలేసి, ఊనిక అంతా ‘గా’ మీద పెట్టాలి. బ్రిటిష్ ఉచ్చారణలో అది ‘అగాస్ట్’, అమెరికన్ ఉచ్చారణలో ‘అగ్యాస్ట్’. ఊనిక మొదటి అక్షరానికి జారి ‘ఆగస్ట్’ అయిందో, విన్నవారికి అది నెల పేరులా వినిపిస్తుంది.

వాక్యంలో పెట్టేటప్పుడు తెలుగువారు చేసే తప్పుల్లో ముఖ్యమైనది మన వ్యాకరణం నుంచే వస్తుంది. మనకు ఈ భావం క్రియగా ఉంది: నిర్ఘాంతపోయాను, నివ్వెరపోయాడు, కొయ్యబారింది. అందువల్ల ఇంగ్లీషులోనూ దాన్ని క్రియగా మార్చి ‘ఐ అగాస్టెడ్’ అనో, ‘హిజ్ వర్డ్స్ అగాస్టెడ్ మి’ అనో రాయాలనిపిస్తుంది. మధ్యయుగంలో ఆ క్రియ ఉండేదేమో గానీ ఇప్పుడు లేదు, మిగిలింది విశేషణం ఒక్కటే. దానికి అండగా ఇంకొక క్రియ రావాలి. అలా ఉండడాన్ని చెప్పే ‘వాజ్’, ‘వర్’. అలా కనబడడాన్ని చెప్పే ‘లుక్డ్’. అలా నిలబడిపోవడాన్ని చెప్పే ‘స్టుడ్’. గుడ్లప్పగించి చూడడాన్ని చెప్పే ‘స్టేర్డ్’. ‘ఐ వాజ్ అగాస్ట్’ అంటే నిర్ఘాంతపోయాను. ‘దే స్టుడ్ అగాస్ట్’ అంటే వాళ్లు మ్రాన్పడిపోయారు. ఈ నాలుగు క్రియలు చేతిలో ఉంటే తొంభై పాళ్లు పని జరిగిపోతుంది.

రెండో తప్పు, దాన్ని నామవాచకానికి ముందు పెట్టడం. మన భాషలో విశేషణం పేరుకు ముందు ఉండడమే సహజం కాబట్టి ‘ఎన్ అగాస్ట్ మదర్’ అనడం మనకు ఎబ్బెట్టుగా తోచదు, ఇంగ్లీషువారికి తోస్తుంది. ఇంగ్లీషులో ‘ఏ’ అనే అక్షరంతో మొదలయ్యే కొన్ని విశేషణాలు, అంటే ‘అస్లీప్’, ‘అలైవ్’, ‘అఫ్రెయిడ్’, ‘అవేక్’ వంటివి, పేరుకు ముందు కూర్చోవడానికి ఇష్టపడవు. ‘బేబీ ఈజ్ అస్లీప్’ అనవచ్చు గానీ ‘అస్లీప్ బేబీ’ అనకూడదు, ‘స్లీపింగ్ బేబీ’ అనాలి. అగాస్ట్‌ది కూడా ఆ గుంపే. పేరుకు ముందే ఒక మాట కావాలంటే ‘హారిఫైడ్’ వాడుకోవడం క్షేమం: ‘ది హారిఫైడ్ మదర్’. దీనికి భిన్నంగా, వాక్యం చివర కామా పెట్టి ఒంటరిగా వదిలితే అగాస్ట్ ఎంతో అందంగా ఉంటుంది: ‘హి లుక్డ్ ఎట్ ది బిల్, అగాస్ట్.’ ఆ కామా దగ్గర పాఠకుడికి కూడా ఒక క్షణం ఊపిరి ఆగుతుంది.

మూడోది, వస్తువుకు దీన్ని అంటగట్టడం. అగాస్ట్ అయ్యేది మనిషి గానీ, మనిషి ముఖం గానీ, చూపు గానీ. వార్త అగాస్ట్ కాదు, ప్రమాదం అగాస్ట్ కాదు. ‘అగాస్ట్ న్యూస్’ అన్నది ‘భయపడిన వార్త’ అన్నంత వింతగా ఉంటుంది. ఘోరమైన వార్త అని చెప్పాలంటే ‘హారిఫైయింగ్’ అనో ‘గాస్ట్లీ’ అనో అనాలి.

దేనివల్ల ఈ స్థితి కలిగిందో చెప్పడానికి మూడు దారులున్నాయి. వాటిని తెలుగు ప్రత్యయాలతో జత కట్టి గుర్తుపెట్టుకుంటే ఇంగ్లీషు పదాల కోసం తడుముకోనక్కరలేదు. తెలుగులో ‘కి’, ‘కు’ వచ్చేచోట, అంటే ‘అతని మొరటుతనానికి నిర్ఘాంతపోయాను’ వంటి వాక్యంలో, ఇంగ్లీషులో ‘ఎట్’ వస్తుంది: ‘ఐ వాజ్ అగాస్ట్ ఎట్ హిజ్ రూడ్‌నెస్.’ తెలుగులో ‘చూసి’, ‘విని’, ‘తెలుసుకుని’ వచ్చేచోట ఇంగ్లీషులో ‘టు’తో కలిసిన క్రియ వస్తుంది: ‘అగాస్ట్ టు సీ’, ‘అగాస్ట్ టు హియర్’, ‘అగాస్ట్ టు లర్న్’. ఇక ‘ఇంత పని చేశాడా అని’ అన్నట్టు పూర్తి వాక్యం లోపల చేరితే ‘దట్’ వస్తుంది: ‘షి వాజ్ అగాస్ట్ దట్ నోబడీ హ్యాడ్ కాల్డ్ ఎ డాక్టర్’, అంటే, వైద్యుణ్ణి ఒక్కరూ పిలవలేదా అని ఆమె నిర్ఘాంతపోయింది. ‘ఎట్’ స్థానంలో ‘బై’ కూడా అక్కడక్కడ కనబడుతుంది గానీ, నేర్చుకునేవారు ‘ఎట్’నే నమ్ముకోవడం మంచిది. ‘ఎట్’ తరవాత వస్తువే రావాలనీ లేదు; ‘ఎట్ ది థాట్’, ‘ఎట్ ది ఐడియా’, ‘ఎట్ ది ప్రాస్పెక్ట్’ అనేవి తరచుగా వస్తాయి. అంటే, ఇంకా జరగనిదాన్ని తలచుకుని కూడా అగాస్ట్ కావచ్చు, ఆ తలపు హఠాత్తుగా తగిలితే చాలు.

తీవ్రతను పెంచే మాట జోడించాలంటే ‘వెరీ’ వద్దు. అగాస్ట్‌లోనే తీవ్రత నిండి ఉంది కాబట్టి ‘అటర్లీ’, ‘అబ్సల్యూట్లీ’ వంటివే దాని పక్కన నిలుస్తాయి. తెలుగులోనూ ‘చాలా నిర్ఘాంతపోయాడు’ అంటే నోటికి అంత సాఫీగా రాదు కదా!

తెలుగులో దీనికి సరిపోయే మాటకు కరువు లేదు. చిక్కల్లా, ఉన్న మాటల్లో ఒక్కొక్కటి ఒక్కో వైపు ఒరిగి ఉండడమే. నివ్వెరపోవడాన్నే తీసుకోండి. ‘వెర’ అంటే భయం. వెరపు, వెరవడం అన్నవి అక్కడివే. అంటే అగాస్ట్‌లో దయ్యం దాగి ఉన్నట్టే నివ్వెరలో భయం దాగి ఉంది. పుట్టుకను బట్టి చూస్తే రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి. కానీ వాడుకలో నివ్వెరపాటు మెత్తబడింది. గాయకురాలి గొంతు విని శ్రోతలు నివ్వెరపోయారని మెచ్చుకోలుగా కూడా రాస్తున్నారు. నిర్ఘాంతపోవడం అలా మెత్తబడలేదు. నిర్ఘాతమంటే పిడుగుపాటు, ఆ చప్పుడు ఈ మాటలో ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. మంచి వార్త విని నిర్ఘాంతపోయారని ఎవరూ సాధారణంగా రాయరు. అందుకే నన్నడిగితే అగాస్ట్‌కు మొదట తలచవలసిన మాట ఇదే.

దిగ్భ్రాంతి దగ్గర జాగ్రత్త కావాలి. దిక్కులు తెలియకపోవడమని దాని అసలు అర్థం, అందులో భయం లేదు, అయోమయం ఉంది. పైగా వార్తాపత్రికలు దాన్ని సంతాప ప్రకటనలకు కట్టబెట్టేశాయి. ‘తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు’ అన్న పడికట్టు వాక్యానికి అలవాటుపడిన పాఠకుడికి, కథలో ఒక పాత్ర దిగ్భ్రాంతి చెందిందంటే కళ్లముందు మనిషి కనబడదు, ప్రకటన కనబడుతుంది. అవాక్కవడం అంటే వాక్కు పోవడం, అది నోటికి మాత్రమే సంబంధించింది. ఇంగ్లీషులో ‘డంబ్‌ఫౌండెడ్’కు చక్కగా సరిపోతుంది. తెల్లబోవడంలో భయం కన్నా భంగపాటు పాలు ఎక్కువ. విస్తుపోవడంలో ఘోరం పాలు తక్కువ. కొయ్యబారడం, మ్రాన్పడడం అనేవి మాత్రం మనిషిని కట్టెగా, చెట్టుగా మార్చేస్తాయి. కదలిక ఆగిపోవడాన్ని ఇంత సూటిగా చూపే మాటలు దొరకడం అదృష్టం. ‘స్టుడ్ అగాస్ట్’ వచ్చినప్పుడు నా చేయి వాటి వైపే వెళుతుంది.

ఇది పెద్ద భయం సంగతి. మర్యాద చెడినప్పటి అగాస్ట్‌కు కొయ్యబారడం మరీ బరువవుతుంది. తాతగారు పచ్చబొట్లు చూసి కొయ్యబారిపోయారంటే పాఠకుడు ఆయన ఆరోగ్యం గురించి కంగారుపడతాడు. అక్కడ ‘నోరు వెళ్లబెట్టారు’, ‘ముక్కున వేలేసుకున్నారు’, ‘హవ్వ అనుకున్నారు’, ‘శివశివా అని చెవులు మూసుకున్నారు’ వంటి జాతీయాలు భావాన్నీ హాస్యాన్నీ ఒకేసారి మోస్తాయి. ఖర్చు విన్న ఇంటి యజమానికి ‘గుండె గుభేలుమంది’ అంటే సరిపోతుంది. ముఖం కనబడాలంటే ‘కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు’ అన్నదాన్ని మించిన మాట లేదు, అయితే అది భయానికే గానీ మర్యాదభంగానికి కాదు.

ఇంగ్లీషులో దీని ఇరుగుపొరుగు మాటలతో కూడా కాస్త పరిచయం ఉండాలి. ‘షాక్డ్’ అన్నింటికన్నా విశాలమైనది. దుఃఖవార్తకూ, చిన్నపాటి ఆశ్చర్యానికీ, కోపానికీ అన్నింటికీ నడుస్తుంది. ‘అపాల్డ్’ పుట్టుకలో ముఖం పాలిపోవడం ఉంది గానీ, ఇప్పుడు దానిలో తప్పుపట్టే ధోరణి ఎక్కువ. చూసినవాడు న్యాయమూర్తిలా నిలబడి ‘ఇది క్షమించరానిది’ అంటున్నట్టుంటుంది. ‘డిస్మేడ్’లో నిరుత్సాహం పాలు ఎక్కువ, భయం తక్కువ. ‘ఫ్లాబర్‌గాస్టెడ్’ 1772 ప్రాంతంలో కొత్తగా వచ్చిన వేడుక మాటగా నమోదైంది. దాని తోకలో అగాస్ట్ ఉందని కొందరి ఊహ, అయినా అందులో ఘోరం లేదు, కేవలం తబ్బిబ్బు ఉంది. ‘హారిఫైడ్’ అర్థంలో అగాస్ట్‌కు అతి దగ్గరిది. అది లాటిన్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నుంచి వచ్చింది. సంస్కృతంలో హర్షానికి మూలమైన ‘హృష్’ ధాతువు కూడా ఆ లాటిన్ క్రియకు జ్ఞాతి అని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఒకే గగుర్పాటు ఒకచోట భీతి అయింది, ఇంకొకచోట సంతోషం అయింది. ఈ ముచ్చట వాడుకకు అంతగా అక్కరకు రాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

అగాస్ట్‌కు వీటన్నింటి మధ్య కొంచెం గ్రాంథికమైన, కథలు చెప్పే వాసన ఉంది. మాటల్లో ఇంగ్లీషువారు ఎక్కువగా షాక్డ్, హారిఫైడ్ అంటారు. రాతలోనూ, కావాలని నాటకీయంగా మాట్లాడేటప్పుడూ అగాస్ట్ బయటికి వస్తుంది. కాబట్టి కార్యాలయపు ఉత్తరంలో ‘వి ఆర్ అగాస్ట్ ఎట్ ది డిలే’ అని రాస్తే ఆలస్యానికి ఫిర్యాదు చేసినట్టు కాక, గుండెలు బాదుకున్నట్టుంటుంది. అక్కడ ‘కన్సర్న్డ్’ చాలు, గట్టిగా చెప్పాలంటే ‘డిస్మేడ్’ చాలు. సంతాప సందేశంలో అయితే అసలు వద్దు. ఒకరి తండ్రి మరణించారని తెలిసి ‘ఐ యామ్ అగాస్ట్’ అని రాస్తే, ఆ మరణంలో ఏదో ఏవగించుకోవలసినది ఉన్నదన్న ధ్వని వస్తుంది. ఆ చోట ‘డీప్లీ శాడెన్డ్’ అనాలి.

నేర్చుకోవడానికి నేను పాటించిన పద్ధతి తేలికైనది. ముందుగా తెలుగులో నిర్ఘాంతపోయిన సందర్భాలు నాలుగైదు రాసుకోవాలి. ఒక్కొక్కదానిలో ‘కి’, ‘విని’, ‘అని’ వీటిలో ఏది ఉందో గుర్తుపెట్టాలి. ఆ తరవాతే ఇంగ్లీషులోకి వెళ్లాలి. ‘ఇల్లంతా బురదమయమై ఉండడం చూసి నిర్ఘాంతపోయాము’ అన్నదానిలో ‘చూసి’ ఉంది కాబట్టి ‘వి వర్ అగాస్ట్ టు సీ’ అని మొదలవుతుంది. ‘మళ్లీ మొదటి నుంచి రాయాలన్న తలపుకే ఆమె గుండె గుభేలుమంది’ అన్నదానిలో ‘కి’ ఉంది కాబట్టి ‘షి వాజ్ అగాస్ట్ ఎట్ ది థాట్ ఆఫ్ రైటింగ్ ఇట్ అగెయిన్’ అవుతుంది. గుండె ఇంగ్లీషులోకి రాలేదని బాధపడనక్కరలేదు, దాని పని అగాస్ట్ చేసిపెట్టింది.

ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు వాక్యాన్ని తిరగేయవలసి ఉంటుంది. ‘స్టేర్డ్ అగాస్ట్’లో చూడడం ప్రధాన క్రియ, మనిషి స్థితి దానికి తోకలా అంటుకుని ఉంటుంది. ఆ వరసనే తెలుగులో ఉంచితే ‘నిర్ఘాంతపోయి చూసింది’ అవుతుంది. తప్పు లేదు గానీ, చూపు చివర నిలబడి అసలు దెబ్బను కప్పేస్తుంది. మన వాక్యంలో బరువంతా చివరి క్రియ మీద పడుతుంది కాబట్టి, చూపును ముందుకు జరిపి, స్థితిని చివరికి తేవాలి. ‘ఆశ్చర్యంగా’కు సున్నా చుట్టిన ఆ ప్రతిని నేను మూడుసార్లు తిరగరాసి పంపాను. మూడోసారి సంపాదకుడు ఏమీ గీయలేదు. కథ అచ్చయినప్పుడు ఆ వాక్యం ఇలా ఉంది: ‘ఖాళీ ఊయల చూసి ఆమె కొయ్యబారిపోయింది.’